నలుగురూ ఇచ్చిన వార్త

ఆవిడకి అమ్మానాన్నలు పెట్టిన పేరొకటి ఉంది. వార్త కింద అచ్చయ్యేది ఆ పేరే. కానీ ఊళ్ళో ఆ పేరు పట్టుకుని ఇల్లు వెతికితే సాయంత్రం దాకా వీధులు తిరగాల్సిందే. "మళ్ళీ చెప్పండి గారిల్లు ఎక్కడండీ?" అంటే మాత్రం ఆడుకునే పిల్లలు కూడా వేలు పెట్టి చూపిస్తారు. విలేకరిగా ఆవిడ అలవాటు అటువంటిది. ఎవరేం చెప్పినా రాసుకోవడం, రాసుకున్నది వాళ్ళకే చదివి వినిపించడం, "ఇదేనా మీరన్నది? ఇంకొక్కసారి మళ్ళీ చెప్పండి" అనడం. మున్సిపల్ ఛైర్మన్ కారెక్కబోతుంటే తలుపు పట్టుకుని నిలబడి, సభలో ఆయనన్న మాటలు ఆయన చేతే అప్పజెప్పించిన మనిషి. ఆయన ఆ పూట పళ్ళు నూరుకున్నాడు గానీ, మర్నాడు పేపర్లో తన మాటలు తను అన్నట్టే వచ్చేసరికి కిమ్మనలేదు.

ఆవిడ భర్త కరెంటాఫీసులో లైన్‌మన్. నవ్వకుండా నవ్వించే రకం. "నేను పెళ్ళికి సరేనన్నాను చూడండి, అది కూడా రెండుసార్లు చెప్పించుకుందండీ. రెండోసారి అడిగినప్పుడైనా నేను కాస్త ఆలోచించుకోవాల్సింది" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు. ఆవిడ వంటింట్లోంచి, "ఇప్పుడైనా ఆలోచించుకోండి, తొందరేం లేదు" అనేది.

ఈ అలవాటు ఆవిడకి పుట్టుకతో రాలేదు. నేర్పినాయన ఒకరున్నారు. ఊళ్ళో విలేకరులందరూ ఆయన్ని పెద్దాయన అనే పిలుస్తారు. ఆవిడది ఒక పేపరు, ఆయనది మరో పేపరు. అయినా ప్రింటింగ్ ప్రెస్సులో ప్రూఫులు దిద్దుకునే ఆవిణ్ణి ఈ పనిలోకి లాక్కొచ్చింది ఆయనే. చేరిన కొత్తలో ఊరి చివర లారీ బోల్తా పడితే, ఇద్దరు చనిపోయారని ఆవిడ పరుగున వచ్చి చెప్పింది. పెద్దాయన టీ గ్లాసు కింద పెట్టి, "చూశావా, విన్నావా?" అన్నాడు. విన్నానంది. "ఎవరి దగ్గర?" అన్నాడు. రోడ్డు మీద అనుకుంటున్నారంది. "వెళ్ళి చూసి రా" అన్నాడు. ఎండలో నడిచి వెళ్ళి చూస్తే, ఆ ఇద్దరిలో ఒకడు చెట్టు కింద కూర్చుని మోకాలికి కట్టు కట్టించుకుంటున్నాడు. ఆ మనిషిని చచ్చిపోయాడని రాసి ఉంటే వాళ్ళింట్లో ఏమై ఉండేదో అనుకుంటే ఆవిడకి అన్నం సయించలేదు. అప్పట్నుంచీ ఆవిడ 'మళ్ళీ చెప్పండి' అయింది.

ఇక్కడ ఈ ఊరి విలేకరుల పద్ధతి ఒకటి చెప్పుకోవాలి. పేపర్లు నాలుగు, విలేకరులు నలుగురు. చూడాల్సినవి మాత్రం బోలెడు: ఆసుపత్రి, కోర్టు, పోలీస్ స్టేషను, మున్సిపాలిటీ, మార్కెట్టు. ఒక్క మనిషి అన్ని చోట్లా ఉండాలంటే అయ్యే పని కాదు. అందుకని నలుగురూ ఒక ఏర్పాటు చేసుకున్నారు. పొద్దున్నే బస్టాండు ఎదురుగా టీ కొట్లో కలుసుకుని ఒకళ్ళు కోర్టుకి, ఒకళ్ళు స్టేషనుకి అని పంచుకునేవాళ్ళు. ఒకళ్ళు తెచ్చిన వార్త నలుగురిదీ. పోటీ పేపర్లే గానీ పొత్తు వంట. పై ఆఫీసులకి ఈ సంగతి తెలుసు, తెలియనట్టుండేవి. ఏదైనా వార్త మీద అనుమానం వస్తే విలేకరులు ఒకళ్ళకొకళ్ళు ఫోన్ చేసి, "మీరు ఇస్తున్నారా?" అని అడిగేవాళ్ళు. ఇవ్వడమంటే పేపరుకి పంపడం. అవతలివాళ్ళు ఇస్తున్నామంటే అనుమానం తీరినట్టే.

అందులోనూ ఆవిడ ఇస్తోందంటే ఇక తిరుగులేదు. "అక్క ఇస్తోందంటే కళ్ళు మూసుకుని ఇచ్చేయొచ్చు" అనేవాడు నలుగురిలోకీ చిన్నవాడు, హడావిడి. వాడి స్కూటరు, మాట, రాత అన్నీ ఒకే వేగం కాబట్టి ఆ పేరు. మంచి మనసున్న కుర్రాడే గానీ ఒక్కచోట కుదురుగా నిలబడడు.

ఆ రోజు లైన్‌మన్‌కి కంటి ఆపరేషన్. ఆవిడ ఆయన్ని తీసుకుని పొద్దున్నే పట్నం ఆసుపత్రికి వెళ్ళింది. మధ్యాహ్నం ఆయన్ని లోపలికి తీసుకెళ్ళాక, వరండాలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉండగా హడావిడి ఫోన్ చేశాడు.

"అక్కా, మనూరి ఆసుపత్రిలో ఏడాది పాప చనిపోయింది. నర్సు ఫోన్లో మాట్లాడుతూ ఒక ఇంజెక్షన్ బదులు ఇంకోటి చేసేసిందట. గేటు దగ్గర జనం విరగబడిపోయారు. పేరు, వివరాలు చెప్తాను, రాసుకో."

ఆవిడ రాసుకుంది. అలవాటు కొద్దీ చదివి వినిపించింది కూడా. హడావిడి ఆ, ఆ అన్నాడు. అయినా ఎందుకో మనసొప్పక పెద్దాయనకి ఫోన్ చేసింది.

"బాబాయ్‌గారూ, ఆ పాప వార్త మీరు ఇస్తున్నారా?"

"ఇస్తున్నానమ్మా."

అంతే. లోపల్నుంచి ఆయా వచ్చి, "ఆపరేషన్ అయిపోయిందమ్మా, మిమ్మల్ని పిలుస్తున్నారు" అంది. ఆవిడ ఒళ్ళో కాగితం పెట్టుకుని ఆ వార్తని ఫోన్లోనే పై ఆఫీసు డెస్కుకి చదివి పంపేసి, ఇస్తున్నానని హడావిడికి ఒక్క మాట చెప్పి, భర్త దగ్గరికి పరిగెత్తింది. పొత్తులో వచ్చిన వార్తనైనా ఆవిడ సంబంధించినవాళ్ళని ఒకసారి అడిగే పంపేది. ఎన్నో ఏళ్ళుగా ఎవరి దగ్గరికీ వెళ్ళకుండా, ఎవర్నీ అడక్కుండా ఆవిడ రాసిన వార్త అదొక్కటే. నమ్మకమైన మనిషి ఒక్కసారి ఏమరుపాటు పడితే, ఆ ఒక్కసారే ఎంత లోతుగా దిగుతుందో ఎవరూ ముందు అనుకోరు.

మర్నాడు నాలుగు పేపర్లలోనూ మొదటి పేజీలో వచ్చింది. నర్సు పేరు, ఫోటోతో సహా. ఆసుపత్రివాళ్ళు ఆమెని డ్యూటీ నుంచి తప్పించారు. ఆ సాయంత్రమే ఎవరో నర్సు ఇంటి మీద రాళ్ళేశారు.

లైన్‌మన్‌కి కంటి కట్టు ఇంకా విప్పలేదు. ఆ మర్నాడు ఆవిడ ఆయన్ని తీసుకుని ఊళ్ళోకి తిరిగొచ్చి ఆఫీసు తలుపు తీసింది. ఆఫీసంటే బట్టల కొట్టు మేడ మీద ఒక గది. ఒక బల్ల, రెండు కుర్చీలు, పాత పేపర్ల కట్టలు, తిరిగితే కిర్రుమనే ఫ్యాను. ఒకమ్మాయి మెట్లెక్కి వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. చెదిరిన జుట్టు, ఏడ్చి ఏడ్చి వాచిన కళ్ళు. చేతిలో మడత పెట్టిన పేపరు.

"ఇది రాసింది మీరేనాండీ?"

"నేనేనమ్మా. కూర్చో. నువ్వెవరు?"

"చచ్చిపోయిన పాప నా బిడ్డేనండీ."

ఆవిడ లేచి కుర్చీ ఆమె వైపు జరిపింది. ఆ అమ్మాయి కూర్చోలేదు. న్యాయం కోసం వచ్చి ఉంటుంది, ఆ నర్సుని జైల్లో పెట్టించమని అడుగుతుంది, పాపం, అనుకుంది ఆవిడ. ఎన్ని చూడలేదు.

"నాకు చదువు అంతంతమాత్రం. పక్కింటాయన చదివి చెప్పాడు. ఆ సిస్టర్ నా బిడ్డకి ఏ ఇంజెక్షనూ చెయ్యలేదండీ. నేను మోసుకెళ్ళేసరికే పిల్ల కళ్ళు తేలేసింది. ఆవిడే నా చేతుల్లోంచి లాక్కుని డాక్టరు గదికి పరిగెత్తింది. చెప్పుల్లేకుండా పరిగెత్తింది. నోట్లో నోరు పెట్టి ఊపిరి ఊదింది. పిల్ల పోయాక నాతో పాటు కింద కూలబడి ఏడ్చింది. ఆవిణ్ణి పట్టుకుని చంపేసిందని రాస్తారా?"

ఆవిడ చెయ్యి అలవాటు కొద్దీ పెన్ను మీదకి వెళ్ళి ఆగింది.

"ఒక్కరంటే ఒక్కరు వచ్చి నన్నడగలేదే! బిడ్డ ఉన్నది నా ఒళ్ళో కదా. నన్నడగరా? నా బిడ్డ పేరు చెప్పి ఇంకొకళ్ళ ఉసురు పోసుకోలేనండీ. నా బిడ్డ ఎలాగూ పోయింది. ఆవిడ బతుకు కూడా పోవాలా?"

ఆవిడకి తల కొట్టేసినట్టయింది. కాగితం తీసుకుని, మెల్లగా ఒక్కొక్కటే అడిగింది. పాపకి ఆ పొద్దున జ్వరం. వీధి చివర మందుల షాపులో చూపిస్తే షాపాయన ఏదో సూది వేశాడు. ఇంటికి వచ్చేలోపు ఫిట్స్ వచ్చాయి. అక్కడ్నుంచి ఆసుపత్రి. ఆవిడ రాసుకున్నదంతా చదివి వినిపించింది. "అవునండీ, అంతే" అంది ఆ తల్లి. అది విన్నాక ఆవిడకి ఏడుపు ఆగలేదు. ఇద్దరూ ఆ గదిలో చెరోవైపు తిరిగి ఏడ్చారు.

ఆ మధ్యాహ్నమే ఆవిడ ఆసుపత్రికి వెళ్ళింది. ఆ పూట డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ ముందు వార్త చదివిన కోపంతో ఒంటికాలి మీద లేచింది. తర్వాత శాంతించి తల్లి చెప్పిందే చెప్పింది. వార్డు ఊడ్చే ఆయా కూడా అదే చెప్పింది. మరి నర్సు ఫోను, ఇంజెక్షను ఇవన్నీ ఎక్కడ పుట్టాయి? హడావిడికి చెప్పింది ఆసుపత్రి ఆఫీసు గుమాస్తా. ఆ గుమాస్తాని పట్టుకుంటే, "నేనెక్కడ చూశానమ్మా, నా గది వెనకాల కదా. గేటు దగ్గర అనుకుంటుంటే విన్నాను" అన్నాడు. గేటు దగ్గర జనానికి తల్లి నోట ఇంజెక్షన్ అన్న మాట చెవిన పడింది, పిల్లని ఎత్తుకుని పరిగెత్తే నర్సు కంట పడింది. ఫోను సంగతి ఎవరు కలిపారో ఎవరికీ తెలియదు. ఇంతమంది చెప్పుకున్న ఆ ఇంజెక్షన్‌ని చూసినవాడంటూ ఒక్కడూ తేలలేదు.

మర్నాడు టీ కొట్లో ఆవిడ ఈ సంగతంతా చెప్పింది. హడావిడి గ్లాసు పట్టుకున్న చెయ్యి అలాగే ఉండిపోయింది. నాలుగో విలేకరి కోర్టు పనుందని లేచి వెళ్ళిపోయాడు. అతను ఎప్పుడూ అంతే, వాన వస్తుందంటే ముందుగా గొడుగు సర్దుకునే రకం.

"నేను గుమాస్తా మాట విని మీకందరికీ చెప్పాను, నిజమే" అన్నాడు హడావిడి. "కానీ అక్కా, నాకూ కాస్త అనుమానమే. నువ్వు ఇస్తున్నానన్నాక ఇంకేం ఆలోచించలేదు."

"నేనిచ్చింది బాబాయ్‌గారు ఇస్తున్నానన్నారని."

ఇద్దరూ పెద్దాయన వైపు చూశారు. ఆయన తల దించుకుని గ్లాసులో అడుగున మిగిలిన టీ చూస్తున్నాడు.

"నేను..." అని ఆగాడు. "నువ్వు ఫోన్ చేసి అడిగావంటే, నీ దగ్గర వార్త ఉన్నట్టే కదా అనుకున్నానమ్మా. 'మళ్ళీ చెప్పండి' ఇవ్వబోతున్న వార్తలో ఇక చూసేదేముంది అని ఇచ్చాను."

టీ కొట్టాయన పొయ్యి మీద పాలు పొంగుతున్నా చూసుకోకుండా వీళ్ళనే చూస్తున్నాడు. నలుగురు మనుషులు ఒకరి భుజం మీద ఒకరు చెయ్యేసుకుని కళ్ళు మూసుకుని నడిచారు. ముందున్నవాడికి దారి తెలుసని ప్రతివాడూ అనుకున్నాడు.

"నేను సవరణ ఇస్తాను" అంది ఆవిడ. "మీరూ ఇవ్వండి. ఆ నర్సు ఉద్యోగం, పరువు, అన్నీ మన చేతుల మీదుగా పోతున్నాయి."

"ఒక్కమాట విను." పెద్దాయన గొంతు తగ్గించాడు. "ఒకే తప్పు నాలుగు పేపర్లలో ఎలా వచ్చిందని పై వాళ్ళు అడుగుతారు. ఈ పంపకం బయటపడుతుంది. హడావిడికి ఉద్యోగం ఉండదు. నాకు రిటైర్మెంటు ముందు ఇది అవసరమా? విచారణలో ఎలాగూ ఆవిడ తప్పు లేదని తేలుతుంది. అప్పుడు ఆ వార్త నలుగురం బాగా పెద్దగా ఇద్దాం. ఎవరి పీకల మీదకీ రాదు."

"అందాకా ఆవిడ ఇంటి మీద రాళ్ళు పడుతూ ఉండాలా బాబాయ్‌గారూ?"

పెద్దాయన టీ డబ్బులు బల్ల మీద పెట్టాడు.

"చూశావా, విన్నావా అని నన్ను ఎండలో వెనక్కి పంపించింది మీరే" అంది ఆవిడ. అనకుండా ఉండాల్సిందని అన్న వెంటనే అనిపించింది. ఆయన మొహం అలా వాడిపోయింది. కన్న తండ్రి కంటే ఎక్కువగా చూసుకున్న మనిషి. కానీ అన్న మాట వెనక్కి తీసుకోవడానికి ఆవిడ దగ్గర ఏ కారణమూ లేదు.

ఆవిడ పేపర్లో ఏది ఎక్కడ వెయ్యాలో చూసే ఎడిషన్ ఇన్‌ఛార్జి పట్నంలో ఉంటాడు. ఆవిడ బస్సెక్కి వెళ్ళి ఆయన ఎదుట కూర్చుని అంతా చెప్పింది. ఆయన శ్రద్ధగా విన్నాడు. మందుల షాపు సంగతి వచ్చేసరికి ఆయన కళ్ళు మెరిశాయి.

"అద్భుతం! ఇంకేం కావాలి మేడమ్? పాపని బలిగొన్న షాపు యజమాని! మొదటి పేజీలో పైన వేద్దాం. నర్సుది తప్పు కాదని అందులోనే వచ్చేస్తుంది. మనం సవరణ వేసినట్టూ ఉండదు, మనమే నిజం బయటపెట్టినట్టుంటుంది. మిగతా పేపర్లు నోరెళ్ళబెట్టాలి."

ఆవిడ ఒక్క క్షణం ఊగిసలాడింది. అబద్ధం ఎందుకు, ఆవిడ కూడా మనిషే. ఒక్క దెబ్బతో నర్సుకి మంచి పేరు, తనకి మంచి పేరు, పేపరుకి మంచి పేరు. ఎవరూ వేలెత్తి చూపరు.

"పోస్టుమార్టం రిపోర్టు రాలేదు సార్. పాప ఆ సూది వల్లే పోయిందో, జ్వరం వల్లే పోయిందో డాక్టర్లకే తెలీదు. తల్లికీ తెలీదు. ఆ షాపాయన్ని నేనింకా అడగలేదు. నర్సు మీద రాసినట్టే ఇప్పుడు ఆయన మీద రాయమంటారా?"

"మరి ఏం రాద్దామంటారు?"

"నర్సు చెయ్యలేదని రాద్దాం. మనం ఎవర్నీ అడక్కుండా రాశామని రాద్దాం. మొదటి వార్త ఎక్కడ వేశారో అక్కడే. కింద నా పేరు."

"మీ పేరుతో తప్పొప్పుకుంటే నేను మిమ్మల్ని వార్తల్లో ఉంచలేను. మేనేజ్‌మెంటు ఊరుకోదు. తెలిసే అంటున్నారా?"

"తెలిసేనండీ."

ఇన్‌ఛార్జి చెడ్డవాడేం కాదు. రోజూ సాయంత్రం పేజీలు నింపాల్సిన మనిషి, అంతే. "రాసి పంపండి. మొదటి పేజీలోనే వేస్తాను. అంత పెద్దగా మాత్రం కాదు" అన్నాడు.

అచ్చుకి పంపే ముందు ఆవిడ ఆ కాగితం పట్టుకుని నర్సు ఇంటికి వెళ్ళింది. వెళ్ళకపోయినా అడిగేవాళ్ళు లేరు. కానీ ఎవరి గురించి రాశామో వాళ్ళకి వినిపించకుండా పంపడం ఇక ఈ జన్మలో తన వల్ల కాదనుకుంది. కిటికీకి అద్దాల బదులు అట్టముక్కలు కట్టి ఉన్నాయి. గోడ మీద బురద ఎండిపోయి ఉంది. తలుపు తీసింది నర్సే. ఆవిడ తనెవరో చెప్పగానే నర్సు మొహం పాలిపోయింది. తలుపు వేసెయ్యలేదు, లోపలికి రమ్మనలేదు.

ఆవిడ గుమ్మం బయటే నిలబడి చదివింది. వీధిలో పోయేవాళ్ళు ఆగి చూస్తున్నా చదివింది. నర్సు చేతులు కట్టుకుని చివరిదాకా వింది.

"పొరపాటున రాశామని రాశారు. చూసి ఒకటి అనుకోబోయి ఇంకోటి అనుకుంటే పొరపాటు. మీరసలు రానే లేదు కదండీ."

ఆవిడ అక్కడే గోడకి కాగితం ఆనించి ఆ మాట కొట్టేసింది. ఆసుపత్రికి వెళ్ళకుండా, పాప తల్లిని గానీ నర్సుని గానీ అడగకుండా రాశాం అని రాసి మళ్ళీ చదివింది.

"ఆ, అదీ" అంది నర్సు. తర్వాత, "అది చదివినవాళ్ళందరూ ఇది చదువుతారా అండీ?" అని అడిగింది. ఎత్తిపొడుపు కాదు, నిజంగా తెలుసుకుందామనే అడిగింది.

"చదవరమ్మా" అంది ఆవిడ. నిజం చెప్పడం తప్ప ఆమెకి ఇవ్వగలిగింది ఇంకేం లేదు.

"నన్ను క్షమించమని అడక్కండి. ఇప్పుడు నా వల్ల కాదు" అంది నర్సు, తలుపు దగ్గరగా వేస్తూ. ఆవిడ అడగలేదు.

సవరణ అచ్చయింది. మిగతా పేపర్లలో రాలేదు. హడావిడి మాత్రం తన పేపర్లో లోపలి పేజీలో చిన్నగా వేయించాడు. వాళ్ళ ఆఫీసులో ఎవరి కాళ్ళు పట్టుకున్నాడో ఎప్పుడూ చెప్పలేదు. పెద్దాయన ఎదురుపడితే రోడ్డు దాటి అటువైపు వెళ్ళిపోయేవాడు. ఆవిణ్ణి వార్తల్లోంచి తీసి మార్కెట్టు ధరలు, సినిమా హాళ్ళ వేళలు, కరెంటు కోతల ప్రకటనలు రాసే పనికి మార్చారు. "ఇన్నాళ్ళకి మన శాఖలోకొచ్చావు" అన్నాడు లైన్‌మన్. ఆవిడ నవ్వింది, నవ్వుతూనే ఏడ్చింది. ఆయన మరి జోకులేయలేదు, పక్కన కూర్చున్నాడు. కరెంటు కోతల ప్రకటన కూడా ఆవిడ సబ్‌స్టేషనుకి ఫోన్ చేసి చదివి వినిపించాకే పంపేది.

విచారణ ముగిసి నర్సుని మళ్ళీ డ్యూటీలోకి తీసుకున్నారు. కథ అక్కడితో అయిపోవాల్సింది. కాలేదు. టీకాల రోజున పిల్లల తల్లులందరూ పక్క నర్సు బల్ల దగ్గరే వరస కడుతున్నారనీ, ఈమె బల్ల దగ్గరికి ఒక్కరూ రావడం లేదనీ, పిలిస్తే బిడ్డని గుండెకి హత్తుకుని వెనక్కి జరుగుతున్నారనీ ఆసుపత్రి ఆయా చెప్పింది. ఆమె రోజంతా ఖాళీ బల్ల ముందు కూర్చుని సాయంత్రం ఇంటికి వెళ్తోందట. ఇలాగే ఉంటే వేరే ఊరికి బదిలీ చేసేస్తారట. అక్కడికీ ఈ వార్త వెళ్ళకుండా ఉంటుందా?

ఆవిడ కూతురు పక్క వీధిలోనే ఉంటుంది. దానికి నెలల పాప. పాపకి టీకా వేయించాల్సిన సమయం దగ్గరికొచ్చింది.

"ఆ నర్సు దగ్గరే వేయిద్దామే" అంది ఆవిడ.

కూతురు గతుక్కుమంది. "వద్దమ్మా. ఆవిడ తప్పు లేదని నాకూ తెలుసు. అయినా ఏదో ఒకటి ఉండే ఉంటుంది అనిపిస్తుంది. లేకపోతే నలుగురూ ఎందుకు రాస్తారు?"

"సవరణ చదివావుగా? నేనే కదా రాశాను."

"మొదటిది కూడా నువ్వే కదమ్మా రాశావు."

ఆ మాటకి ఆవిడ నిలువునా నీరైపోయింది. సొంత కూతురు, ఇదంతా ఇంట్లో కళ్ళారా చూసిన పిల్ల. దాని మనసులోంచే ఆ వార్త పోలేదు. ఊరి వాళ్ళని ఏమని అంటుంది?

"నా మాట నమ్మకు. నేను నమ్మమని చెప్పే హక్కు పోగొట్టుకున్నాను. ఆ పాప తల్లి ఇల్లు చెప్తాను. నేను రాను. నువ్వే వెళ్ళి అడుగు. అడిగాక నీ ఇష్టం."

కూతురు విసుక్కుంది గానీ వెళ్ళింది. తిరిగొచ్చేసరికి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఏం మాట్లాడుకున్నారో చెప్పలేదు, ఆవిడా అడగలేదు. టీకాల రోజు పొద్దున్న కూతురే పాపని ఎత్తుకుని వచ్చి గుమ్మంలో నిలబడి, "పద అమ్మా, ఎండెక్కకముందే వెళ్దాం" అంది.

ఆసుపత్రి హాలు పిల్లల ఏడుపులతో మోగిపోతోంది. ఒక బల్ల ముందు వరస గుమ్మం దాకా ఉంది. రెండో బల్ల ముందు ఎవరూ లేరు. దాని వెనక ఆ నర్సు, ముందే సర్దిన దూది మళ్ళీ సర్దుకుంటూ కూర్చుంది. వీళ్ళు ముగ్గురూ వరస దాటుకుని తన వైపే నడిచి వస్తుంటే తలెత్తి చూసింది. ఆవిణ్ణి గుర్తుపట్టగానే మొహం బిగుసుకుంది.

"ఇది కూడా పేపర్లో వేస్తారా?"

"వెయ్యనమ్మా."

"ఫోటో తీసుకుంటారా?"

"లేదమ్మా. నేనిప్పుడు వార్తలు రాయడం లేదు. రాస్తున్నా ఇది రాయను. మా మనవరాలికి టీకా వేయించుకుందామని వచ్చాం, అంతే."

నర్సు ఆవిడ మొహంలోకి చూసింది. నమ్మిందో లేదో తెలియలేదు. ఆవిణ్ణి వదిలేసి కూతురి వైపు తిరిగింది. పక్క వరసలో మాటలు ఆగిపోయాయి. తల్లులందరూ ఇటే చూస్తున్నారు.

"పాప తల్లివి నువ్వేనా అమ్మా?"

"నేనేనండీ."

"మీ అమ్మ సంగతి వదిలెయ్. నిన్నడుగుతున్నాను. నీ బిడ్డని నా చేతికివ్వడం నీకిష్టమేనా?"

ఆవిడ ఆ ప్రశ్న విని తల వంచుకుంది. ఊళ్ళో నలుగురు విలేకరులుండి, ఒక్కరూ వెళ్ళి ఒక తల్లిని అడగలేకపోయారు. ఇంత పోగొట్టుకున్న ఈ మనిషి మాత్రం, బిడ్డని ముట్టుకునే ముందు తల్లిని అడుగుతోంది. కళ్ళలో నీళ్ళు జారిపోతుంటే ఆవిడ తుడుచుకోలేదు.

"ఇష్టమేనండీ" అంది కూతురు, వరసలో చివర ఉన్నవాళ్ళకి కూడా వినపడేటట్టు. పాపని ఆమె చేతుల్లో పెట్టింది.